కుక్క, పిల్లి జబ్బులు: మొదలయ్యేది ఎప్పుడు, బయటపడేది ఎప్పుడు?

క్లుప్తంగా: కుక్కలకు, పిల్లులకు తరచూ వచ్చే జబ్బుల్లో చాలావరకు లోపల మొదలైన వారాలకో, నెలలకో, ఒక్కోసారి ఏళ్లకో గానీ బయటికి కనిపించవు. టీకాలు, నట్టల మందు, పళ్ల శుభ్రత, బరువు అదుపు, వయసు పైబడ్డాక చేయించే పరీక్షలు ఎక్కువగా ఫలించేది ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధిలోనే. ఏ జబ్బులో ఆ వ్యవధి ఎంత, అందులో ఏ జాగ్రత్త ఎలా పనిచేస్తుంది అన్నది ఈ వ్యాసం విషయం.

పెంపుడు కుక్కనో పిల్లినో పశువైద్యుడి దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు తరచుగా చెప్పే మాట, నిన్నటిదాకా బాగానే ఉంది అని. అందులో అబద్ధమేమీ ఉండదు. నిన్నటిదాకా అది తిన్నది, తిరిగింది, పిలిస్తే పలికింది. అయినా ఆ రోజు రక్తపరీక్షలోనో ఎక్స్‌రేలోనో బయటపడే జబ్బు చాలాసార్లు నెలల కిందట మొదలైనదై ఉంటుంది.

ఇంత ఎడం రావడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది శరీర నిర్మాణం. కిడ్నీ, కాలేయం లాంటి అవయవాలకు రోజువారీ అవసరానికి మించిన సామర్థ్యం ఉంటుంది. కొంత భాగం పాడైనా మిగిలిన భాగం ఆ పని మీద వేసుకుని నెట్టుకొస్తుంది. రెండోది ప్రవర్తన. పిల్లి వేటాడే జంతువే గానీ, తనకంటే పెద్ద జంతువులకు అది కూడా ఆహారమే. బలహీనత బయటపెట్టిన జంతువు అడవిలో ఎక్కువ కాలం బతకదు కాబట్టి, నొప్పిని దాచుకునే గుణం పిల్లికి పుట్టుకతోనే వచ్చింది. కుక్క కొంత నయం, కానీ అది కూడా నొప్పితోనే తోక ఊపుతుంది, బంతి వెంట పరుగెడుతుంది.

పిల్లుల కీళ్ల జబ్బు దీనికి మంచి ఉదాహరణ. పన్నెండేళ్లు దాటిన పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 శాతం పిల్లుల్లో కీళ్ల అరుగుదల ఆనవాళ్లు కనిపించాయి. కానీ ముసలి పిల్లి కుంటడం చాలామంది చూసి ఉండరు. అది కుంటదు, ఎత్తుకు ఎగరడం మానేస్తుంది. ఒళ్లు నాక్కోవడం తగ్గి వీపు మీద జుట్టు అట్టలు కడుతుంది. మలమూత్రాలకు పెట్టే, గట్టు ఎత్తుగా ఉన్న లిట్టర్ డబ్బాలోకి దిగలేక పక్కన మూత్రం పోస్తుంది. ఇంట్లోవాళ్లు దీన్ని వయసు అనో మొండితనం అనో అనుకుంటారు. పిల్లి నొప్పిని ముఖంలో గుర్తించడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఒక కొలమానం ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఉన్న తీరు, ఈ అయిదింటినీ చూసి మార్కులు వేస్తారు. నొప్పి ఉందో లేదో చూడటానికే ఒక పద్ధతి కావలసి వచ్చిందంటే, అది ఎంత లోతుగా దాగి ఉంటుందో ఊహించవచ్చు.

## ఒక్క టీకాతో ఎందుకు సరిపోదు

పెంచేవారిని ఎక్కువగా తికమక పెట్టేది టీకాల షెడ్యూల్. పిల్లకు ఒకసారి వ్యాక్సిన్ వేయించాం కదా, మళ్లీ మళ్లీ ఎందుకు? మొదటి డోసు పనిచేస్తే రెండోది దండగ, పనిచేయకపోతే మొదటిది దండగ కదా? ప్రశ్న సహేతుకమైనదే. జవాబు తల్లి ముర్రుపాలలో ఉంది.

కుక్కపిల్ల, పిల్లికూన పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాల ద్వారా తల్లి యాంటీబాడీలు వాటికి అందుతాయి. మొదటి కొన్ని వారాలు వాటిని కాపాడేది ఇవే. అయితే ఈ యాంటీబాడీలు అసలు వైరస్‌ను అడ్డుకున్నట్టే టీకాలో ఉన్న బలహీనపరిచిన వైరస్‌ను కూడా అడ్డుకుంటాయి. అవి బలంగా ఉన్నప్పుడు టీకా వేస్తే పిల్ల శరీరం దాన్ని గుర్తించే లోపే అది నిర్వీర్యమైపోతుంది. తర్వాత అవి క్రమంగా తగ్గుతాయి. ఎంత త్వరగా తగ్గుతాయన్నది తల్లికి ఎంత రోగనిరోధక శక్తి ఉంది, పిల్ల ఎన్ని పాలు తాగింది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్య కూడా తేడా ఉంటుంది. కొన్నిటిలో ఎనిమిది వారాలకే తగ్గిపోతే, కొన్నిటిలో పదహారు వారాల దాకా ఉంటాయి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. తగ్గుతూ వచ్చే క్రమంలో ఒక దశలో యాంటీబాడీలు అసలు వైరస్‌ను ఆపలేనంత తక్కువగా, టీకాను మాత్రం చెడగొట్టగలిగేంత ఎక్కువగా ఉంటాయి. ఈ దశ కొన్ని వారాలు సాగవచ్చు. టీకా వేయించినా కుక్కపిల్లకు పార్వో (రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిందన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. చాలాసార్లు ఆ టీకాలో లోపం ఏమీ ఉండదు. ఏ పిల్లలో ఆ దశ ఎప్పుడు ముగుస్తుందో బయటినుంచి తెలియదు కాబట్టి రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో డోసులు వేసుకుంటూ పోతారు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాల ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, చివరి డోసు పదహారు వారాలకు గానీ ఆ తర్వాత గానీ పడాలి. మొత్తం ఎన్ని డోసులు అన్నదానికంటే ఆఖరిది ఏ వయసులో పడింది అన్నదే ముఖ్యం. పన్నెండు వారాలకే మూడు డోసులు పూర్తయ్యాయని ఆపేయడం వల్ల కొన్ని పిల్లలు రక్షణ లేకుండా మిగిలిపోతాయి. వాటి కోసమే ఆరు నెలల వయసులోనో ఆ తర్వాతో మరో డోసు వేస్తారు. దాని తర్వాత డిస్టెంపర్, పార్వో, కుక్కల్లో వచ్చే హెపటైటిస్ అనే వైరస్ జబ్బుల టీకాలను మూడేళ్ల కంటే ముందు మళ్లీ వేయనక్కర్లేదని ఆ సంఘం అంటుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వ్యాపించే లెప్టోస్పైరోసిస్ టీకాకు మాత్రం అంత కాలం రక్షణ ఉండదు, ఏటా వేయించాలి. పిల్లుల్లో తప్పనిసరి జాబితాలో ఉన్నవి పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, క్యాలిసి వైరస్ టీకాలు.

పార్వో గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పిల్లుల్లో వచ్చే పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు ఇది దగ్గరి బంధువు. 1978 ప్రాంతంలో కుక్కల్లో కనిపించి, తక్కువ కాలంలోనే ప్రపంచమంతా పాకింది. ఈ వైరస్‌కు వేగంగా విభజన చెందే కణాలు కావాలి. అలాంటి కణాలు పేగు లోపలి పొరలోనూ ఎముక మజ్జలోనూ ఎక్కువ. పేగు పొర దెబ్బతింటే రక్తవిరేచనాలు, వాంతులు అవుతాయి. పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడుతుంది. అదే సమయంలో మజ్జ దెబ్బతిని తెల్లరక్తకణాలు పడిపోతాయి. అంటే తలుపు విరిగిన రోజే కాపలావాడు కూడా లేకుండా పోతాడు. చికిత్స అందని పిల్లల్లో ఎక్కువ భాగం చనిపోతాయి. సమయానికి సెలైన్, తగిన మందులు అందితే ఎక్కువ భాగం బతుకుతాయి. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు, పలచగా కలిపిన బ్లీచ్‌కు లొంగుతుంది. పార్వోతో ఒక పిల్ల చనిపోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను వెంటనే తీసుకురావద్దని డాక్టర్లు చెప్పేది అందుకే.

రేబిస్ సంగతి వేరు. దీని విషయంలో లెక్క కుక్క ఒక్కదానిదే కాదు, మనిషిది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. మనుషులకు సోకే కేసుల్లో 99 శాతం దాకా కుక్కల వల్లే. లక్షణాలు బయటపడ్డాక ఇది దాదాపు ప్రతిసారీ ప్రాణాంతకమే. వైరస్ కాటు దగ్గర నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రయాణిస్తుంది, దానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. కరిచిన తర్వాత వేసే టీకా మనుషుల్ని కాపాడగలిగేది ఆ వ్యవధి ఉండబట్టే. కాటును వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగడం కూడా ఆ చికిత్సలో భాగమే. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా వేస్తే వ్యాప్తి గొలుసు తెగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

## ఒంటి మీద కనిపించేది కొంతే

ఫ్లీస్ అని పిలిచే గెంతే పురుగులకు మందు వేసినా నెల తిరక్కుండా మళ్లీ కనిపిస్తే, మందు నకిలీదేమో అనిపిస్తుంది. లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒక ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీస్‌లో జంతువు ఒంటి మీద ఉండే పెద్ద పురుగులు సుమారు 5 శాతమే. మిగతావి గుడ్లుగా, లార్వాలుగా, గూడు కట్టుకున్న ప్యూపాలుగా పరుపుల్లో, కార్పెట్లలో, నేల పగుళ్లలో ఉంటాయి. ఆడ పురుగు రోజుకు 40 నుంచి 50 దాకా గుడ్లు పెట్టగలదు. ప్యూపా దశలో ఉన్నదాన్ని క్రిమిసంహారకాలు పెద్దగా ఏమీ చేయలేవు. వెచ్చదనం, నడిచే అడుగుల కంపనం తగిలేదాకా అది నెలల తరబడి ఆగగలదు. కాబట్టి ఒక్క జంతువుకు ఒక్కసారి మందు వేస్తే చాలదు. ఇంట్లో ఉన్న అన్ని కుక్కలకు, పిల్లులకు వరసగా కనీసం మూడు నెలలు వేయాలి, పరుపులు వేడినీటితో ఉతకాలి. ఈ పురుగును నాక్కుంటూ మింగడం వల్లే బద్దెపురుగులు కడుపులో చేరతాయి కాబట్టి, వాటికి మందు ఎన్నిసార్లు ఇచ్చినా ఫ్లీస్ పోనంతవరకు మళ్లీ వస్తూనే ఉంటాయి.

పిడుదులు, అంటే గోమార్లు, రక్తం తాగడంతో ఆగవు. ఎర్లీకియా, బెబీసియా అనే సూక్ష్మజీవులను కుక్క రక్తంలోకి వదులుతాయి. ఎర్లీకియా నడిచే తీరు ఈ వ్యాసం చెప్పే విషయానికి అచ్చంగా సరిపోతుంది. మొదట రెండు నుంచి నాలుగు వారాలు జ్వరం, నీరసం ఉంటాయి. చాలా కుక్కలు చికిత్స లేకుండానే తేరుకున్నట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఏ లక్షణమూ ఉండదు, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు మాత్రం తక్కువగా కనిపిస్తుంటాయి. కొన్ని కుక్కల్లో చివరికి మజ్జ పూర్తిగా దెబ్బతిని ముక్కులోంచి రక్తం కారడం మొదలవుతుంది. మొదటి దశలో డాక్సీసైక్లిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌కు లొంగే జబ్బు, ఆఖరి దశలో ఏం చేసినా లొంగకపోవచ్చు.

గుండెపురుగు, అంటే హార్ట్‌వార్మ్, దోమ కాటుతో వస్తుంది. లార్వా చర్మంలోకి దిగిన తర్వాత పెద్ద పురుగై ఊపిరితిత్తుల రక్తనాళాలకు, గుండెకు చేరడానికి ఆరేడు నెలలు పడుతుంది. సాధారణంగా వాడే పరీక్ష పెద్దదైన ఆడ పురుగునే పట్టగలదు, కాబట్టి ఆ ఆరేడు నెలల్లో పరీక్ష చేస్తే ఏమీ లేదనే వస్తుంది. నెలకోసారి ఇచ్చే నివారణ మందు రాబోయే నెలకు రక్షణ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వెనక్కి పనిచేస్తుంది: గడిచిన నెలలో దోమలు వదిలిన లేత లార్వాలను చంపుతుంది. రెండు మూడు నెలలు మరిచిపోతే అప్పటికి లార్వాలు ముదిరి ఆ మందుకు లొంగని దశకు వెళ్లిపోతాయి. మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పరీక్ష చేయించాలనేది దీనివల్లే. పెద్ద పురుగులు కుక్కలో అయిదు నుంచి ఏడేళ్లు బతుకుతాయి. పిల్లుల్లో ఒకటి రెండు పురుగులే ఉన్నా ప్రమాదమే, పైగా వాటిలో పెద్ద పురుగులను చంపే సురక్షితమైన మందు లేదు. కోలీ జాతి, దానికి దగ్గరి జాతుల కుక్కల్లో ఒక జన్యులోపం వల్ల, పరాన్నజీవులను చంపే ఐవర్‌మెక్టిన్ పెద్ద మోతాదులో మెదడులోకి వెళ్లి ప్రాణం మీదికి తెస్తుంది. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను అంచనాతో కుక్కలకు వేయకూడదు.

కడుపులో నట్టల గురించి ఒక్క విషయం చాలు. ఏలికపాములు కుక్కపిల్లకు తల్లి గర్భంలోనే సోకుతాయి, పిల్లికూనకు పాల ద్వారా సోకుతాయి. మలపరీక్షలో గుడ్లు కనిపించేదాకా ఆగకుండా కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచి, పిల్లికూనలకు మూడు వారాల నుంచి మందు మొదలుపెడతారు. మట్టిలో ఆడే చిన్నపిల్లల నోట్లోకి ఈ గుడ్లు వెళితే కాలేయం, కన్ను దెబ్బతినే అవకాశం ఉంది. అందువల్ల కుక్కకు ఇచ్చే నట్టల మందు ఇంట్లో పిల్లలకు కూడా రక్షణే.

## నోటి వాసన వెనక

మూడేళ్లు దాటిన కుక్కల్లో, పిల్లుల్లో ఎక్కువ శాతానికి ఎంతోకొంత చిగుళ్ల జబ్బు ఉంటుంది. ఇంత మామూలైనందువల్లే దీన్ని జబ్బుగా ఎవరూ లెక్కచేయరు. కుక్క నోరు వాసన రావడం సహజం అనే నమ్మకం కూడా ఇందుకు తోడవుతుంది. పంటి మీద పాచి కొన్ని గంటల్లోనే చేరుతుంది, తుడవకపోతే కొద్ది రోజుల్లో లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. పైకి కనిపించే పసుపు గార కంటే ప్రమాదం చిగురు కింద చేరినది. అక్కడి బ్యాక్టీరియాతో శరీరం చేసే పోరాటంలో పంటిని పట్టుకున్న ఎముకే కరిగిపోతుంది. పన్ను కదిలేదాకా కుక్క తింటూనే ఉంటుంది, ఎందుకంటే ఆకలి నొప్పిని మించినది.

మత్తు ఇవ్వకుండా పళ్లు గీకి తెల్లగా చేసే సేవలు కొన్నిచోట్ల దొరుకుతాయి. అవి చూపుకు మాత్రమే పనికొస్తాయి. చిగురు కింద శుభ్రం చేయాలన్నా, పంటి వేరును ఎక్స్‌రే తీయాలన్నా మత్తు తప్పదు. పైన తెల్లబడ్డ పన్ను కింద జబ్బు అలాగే సాగుతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం నిశ్చింతగా ఉంటారు. ఇంతకంటే మేలైనది రోజూ బ్రష్ చేయడం. మనుషుల టూత్‌పేస్ట్ పనికిరాదు, జంతువులు ఉమ్మలేవు, పైగా కొన్ని పేస్టుల్లో కుక్కలకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. నమలడానికి గట్టి ఎముకలు, కొమ్ము ముక్కలు ఇస్తే పళ్లు శుభ్రపడతాయనుకుంటారు గానీ, వాటివల్ల వెనకవైపు పెద్ద పళ్లు విరగడం సర్వసాధారణం. బొటనవేలి గోరు గుచ్చితే కొంచెమైనా దిగని వస్తువు పంటికి మరీ గట్టిదనే లెక్క.

## పిల్లి మూత్రం చెప్పే సంగతులు

పెంపుడు పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. తక్కువ నీటితో బతకడానికి వీలుగా వాటి కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. ఎండు తిండి మీద బతికే ఇంటి పిల్లిలో కూడా దాహం పెద్దగా పెరగదు, మూత్రమే మరింత చిక్కబడుతుంది.

ముసలి పిల్లుల్లో అతి సాధారణమైన జబ్బుల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఒకటి. కిడ్నీ పనితనంలో సుమారు మూడింట రెండు వంతులు పోయేదాకా మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గదు. కిడ్నీలు వడపోయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో హద్దు దాటేసరికి అంతకంటే ఎక్కువే పోయి ఉంటుంది. పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతోందని, లిట్టర్‌లో ముద్దలు పెద్దవయ్యాయని ఇంట్లో గమనించేది ఈ దశలోనే. ఎస్‌డీఎమ్‌ఏ అనే మరో రక్తపరీక్షలో విలువ సగటున 40 శాతం పనితనం పోయేసరికే పెరుగుతుంది. పోయిన భాగాన్ని తిరిగి తేలేరు, అయినా ముందుగా తెలిస్తే ఫాస్ఫరస్ తగ్గించిన ఆహారం, రక్తపోటు అదుపు వల్ల మిగిలిన భాగాన్ని ఎక్కువ కాలం నిలబెట్టవచ్చు.

వయసులో ఉన్న పిల్లుల్లో సమస్య వేరు. మాటిమాటికీ లిట్టర్‌లోకి వెళ్లడం, చుక్కచుక్కగా రక్తంతో మూత్రం, డబ్బా బయట పోయడం. ఇవి చూడగానే ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ అడుగుతారు. కానీ పదేళ్ల లోపు పిల్లుల్లో వీటికి బ్యాక్టీరియా కారణం కావడం తక్కువ. సగానికి పైగా కేసుల్లో మూత్రాశయం వాపుకు నిర్దిష్ట కారణం దొరకదు, టెన్షన్‌తో దానికి గట్టి సంబంధం ఉంది. కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, డబ్బా శుభ్రంగా లేకపోవడం లాంటివి చాలు. పిల్లులెన్నో అంతకు ఒక డబ్బా ఎక్కువ పెట్టడం, దాక్కోవడానికి చోటు, తడి ఆహారం ఇక్కడ మందుల్లాగే పనిచేస్తాయి.

మగపిల్లి మూత్రం అసలు రాక ముక్కుతుంటే అది వేరే విషయం, గంటల లెక్క. దాని మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది. స్ఫటికాలో జిగురో అడ్డుపడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. చాలామంది దాన్ని మలబద్ధకం అనుకుని ఒక రోజు పోగొట్టుకుంటారు. మగపిల్లి లిట్టర్‌లో కూర్చుని ముక్కుతూ ఏమీ పోయకపోతే, అర్ధరాత్రైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

## బొద్దుగా ఉంటే ముద్దే, కానీ

బరువు గురించి కుక్కల్లో చేసినంత స్పష్టమైన ప్రయోగం అరుదు. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. తిండి అదే, మోతాదే వేరు. 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2 ఏళ్లు. కీళ్ల నొప్పికి చికిత్స అవసరమైన వయసు కూడా సన్నటి కుక్కల్లో దాదాపు మూడేళ్లు వెనక్కి జరిగింది. గమనించాల్సింది ఏమిటంటే, ఎక్కువ తిన్న కుక్కలు విపరీతమైన ఊబకాయం ఉన్నవేమీ కాదు. చూసేవారికి ఒక మోస్తరు బొద్దుగా అనిపించేవే. మామూలుగా ఉందనుకునే బరువే దాదాపు రెండేళ్ల ఆయుష్షును తీసుకుపోయింది.

పక్కటెముకలను వేళ్లతో తడిమితే సులువుగా తగలాలి, పైనుంచి చూస్తే నడుము లోపలికి కనిపించాలి. చిరుతిళ్లు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు మించకూడదు. పిల్లలు పుట్టని ఆపరేషన్ తర్వాత శక్తి అవసరం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది, అప్పుడు గిన్నె కొలత మార్చకపోతే బరువు పెరగడం ఖాయం. పిల్లి విషయంలో ఒక హెచ్చరిక ఉంది. లావుగా ఉన్న పిల్లిని పస్తు పెట్టి తగ్గించకూడదు. రెండు మూడు రోజులు తిండి లేకపోతే ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరి అది పనిచేయడం మానేస్తుంది. పిల్లిలో వారానికి శరీర బరువులో ఒక శాతం లోపు తగ్గడమే క్షేమం. ఏ కారణం వల్లైనా పిల్లి రెండో రోజు కూడా తిండి ముట్టకపోతే, అదొక్కటే డాక్టర్‌కు చూపించడానికి తగిన లక్షణం.

## పిల్లలు పుట్టని ఆపరేషన్: ఏ వయసులో?

ఆపరేషన్ చేయని ఆడకుక్కల్లో గర్భసంచికి చీము పట్టే జబ్బు, పయోమెట్రా, వయసుతో పెరుగుతుంది. స్వీడన్‌లో బీమా రికార్డుల ఆధారంగా చేసిన అధ్యయనాల్లో పదేళ్ల వయసు వచ్చేసరికి దాదాపు నాలుగో వంతు ఆడకుక్కలకు ఇది వచ్చినట్టు తేలింది. సాధారణంగా ఎద ముగిసిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో బయటపడుతుంది. చీము బయటికి కారితే త్వరగా తెలుస్తుంది, గర్భసంచి ముఖద్వారం మూసుకుని ఉంటే దాహం, నీరసం, వాంతులు తప్ప వేరే ఆనవాలు ఉండదు. అందుకే రెండో రకమే ఎక్కువ ప్రమాదకరం.

మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేస్తే రొమ్ము గడ్డలు రావడం బాగా తగ్గుతుందని 1969 నాటి అధ్యయనం ఆధారంగా దశాబ్దాలుగా చెబుతున్నారు. 2012లో ఆధారాలన్నీ తిరిగి పరిశీలించినప్పుడు అవి అనుకున్నంత బలమైనవి కావని తేలింది. మరోవైపు గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాది లోపే ఆపరేషన్ చేస్తే కీళ్ల సమస్యలు పెరుగుతున్నాయని 2013 నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పరిశోధనలు చూపుతున్నాయి. కాబట్టి అన్ని కుక్కలకూ ఒకే వయసు అనే పాత సూత్రం ఇప్పుడు నిలవదు. చిన్న జాతులకు త్వరగా చేసినా ఇబ్బంది కనిపించలేదు, పెద్ద జాతులకు ఎముకలు పూర్తిగా ఎదిగేదాకా ఆగడం మేలు. పిల్లుల్లో ఈ సందిగ్ధం లేదు. వాటి రొమ్ము గడ్డల్లో అత్యధికం క్యాన్సర్లే, ఆరు నెలల లోపు ఆపరేషన్ ఆ ముప్పును చాలావరకు తప్పిస్తుంది.

## మనిషికి మందు, పిల్లికి విషం

జ్వరంగా ఉందని పారాసిటమాల్ వేయడం పిల్లుల పాలిట మృత్యువు. మనిషి కాలేయం ఆ మందును ఒక ఎంజైమ్ సాయంతో వదిలించుకుంటుంది. పిల్లిలో ఆ ఎంజైమ్ దాదాపు లేనట్టే. మిగిలిపోయిన విషపదార్థం ఎర్రరక్తకణాలను ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క మాత్ర చాలు చంపడానికి. కుక్కల ఫ్లీస్ మందుల్లో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ కూడా ఇలాంటిదే, కుక్కకు క్షేమం, పిల్లికి వణుకు, మూర్ఛలు తెస్తుంది. ఐబుప్రోఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

వంటింటి సంగతి తెలిసిందే అయినా చెప్పుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను చిట్లగొడతాయి, ఆ ప్రభావం రోజుల తర్వాత గానీ కనిపించదు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలకు, చాక్లెట్ గుండెకు, నరాలకు ప్రమాదం. జైలిటాల్ కుక్కలో గంటలోపే రక్తంలో చక్కెరను పడగొట్టగలదు. అలంకరణకు పెట్టే లిల్లీ జాతి పూల పుప్పొడి ఒంటి మీద పడి, దాన్ని నాక్కున్నా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. ఇలాంటిది తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకుండా వెంటనే బయలుదేరాలి, ఏది తిన్నదో దాని ప్యాకెట్ వెంట తీసుకెళ్లాలి. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టి కక్కించడం ఇంకో ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది.

## నార్మల్ అని వచ్చిన రిపోర్టు

కుక్కకు, పిల్లికి ఏడాది అంటే మనిషికి చాలా ఏళ్లతో సమానం. ఏడాదికోసారి చెకప్ అంటే మనిషి కొన్నేళ్లకోసారి చేయించుకున్నట్టు. అందుకే పెద్ద జాతి కుక్కలకు ఆరేడేళ్ల నుంచి, పిల్లులకు, చిన్న జాతి కుక్కలకు పదేళ్ల నుంచి ఆరు నెలలకోసారి చూపించమంటారు. రక్తం, మూత్రం, రక్తపోటు, పిల్లుల్లో అదనంగా థైరాయిడ్. బాగా తింటూనే చిక్కిపోతున్న ముసలి పిల్లిలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం మొదట అనుమానించాల్సిన వాటిలో ఒకటి.

ఈ పరీక్షల విలువ ఒక్క రిపోర్టులో పూర్తిగా కనిపించదు. ల్యాబ్ ఇచ్చే నార్మల్ హద్దులు ఎన్నో జంతువుల ఫలితాల నుంచి తీసినవి, ఒక జంతువు సొంత నార్మల్ ఆ హద్దుల్లో ఎక్కడైనా ఉండవచ్చు. క్రియాటినిన్ ఎప్పుడూ 1.0 ఉండే పిల్లికి ఈసారి 1.5 వస్తే రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది, కానీ ఆ పిల్లి కిడ్నీ పనితనం గణనీయంగా తగ్గి ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయించిన పాత రిపోర్టు చేతిలో ఉంటేనే ఈ తేడా పట్టుబడుతుంది. బరువు కూడా అంతే: 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే కంటికి ఆనదు, కానీ అది ఒంటి బరువులో పదో వంతు. నెలకోసారి తూచి రాసుకుంటే డాక్టర్‌కు అదే పెద్ద ఆధారం.

గుండె జబ్బుకు ఇంట్లోనే చేయగల కొలత ఒకటుంది. చిన్న జాతి కుక్కల్లో గుండె కవాటం మందమై లీకయ్యే జబ్బు, పిల్లుల్లో గుండె కండరం మందం కావడం రెండూ చాలాకాలం లక్షణాలు లేకుండా సాగుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైనప్పుడు దగ్గుకంటే, ఆయాసంకంటే ముందు మారేది నిద్రలో ఊపిరి వేగం. గాఢనిద్రలో ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించాలి. కుక్కకైనా పిల్లికైనా అది నిమిషానికి 30 లోపు ఉండాలి. ఆ గదిలో వేడి లేకపోయినా, కొంతసేపటి తర్వాత మళ్లీ లెక్కపెట్టినా 30 దాటుతుంటే అదే రోజు చూపించాలి.